గుడివాడ మస్తానమ్మ

గుడివాడ యనగానే మనలో చాలమందికి కృష్ణాజిల్లాలోని పట్టణము జ్ఞప్తికి వచ్చును. నేను చెప్పబోవునది ఆ గుడివాడను గూర్చి కాదు. గుంటూరు జిల్లాలో తెనాలికి చేరువను అదే పేరుగల చిన్న గ్రామమొకటి కలదు. చుట్టును వరిచేలు, కాలువగట్లు, ఆ గట్లపై తాటిచెట్లు. ఆ గ్రామమున నివసించిన కర్రె మస్తానమ్మ యను వృద్ధురాలు 2018వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీన కన్ను మూసెను. నాటికి ఆమె వయస్సు నూట యేడేండ్లని పత్రికలు వ్రాసినవి.

ఆ వార్త తెలుగు పత్రికలలోనే కాక, విదేశపు పత్రికలలోను వెలువడినది. ఆమె రాజ్యము నేలినది కాదు. గ్రంథములు రచించినది కాదు. సభలలో ఉపన్యసించినది కాదు. ఆరుబయట కట్టెలపొయ్యి ముందు కూర్చుండి కూరలు వండినది. ఆ వంటను చూచుటకై దేశదేశములందు పదిలక్షలకు పైగా జనులు ఆమె పుటకు చందాదారులైరి. ఇది వింత గదా! ఆ వింత యెట్లు జరిగినదో చెప్పుటకు ముందు, ఆమె వయస్సును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది.

మస్తానమ్మ 1911 ప్రాంతమున పుట్టినదని చెప్పుదురు. ఏప్రిలు నెలలో ఆమె పుట్టినరోజును జరిపెడివారు. కాని ఆ సంవత్సరమును స్థిరపఱచు పత్రమేదియు ఆమెయొద్ద లేదు. అందువలన కొందఱు, ఈ నూట యేడేండ్ల మాట నిజమేనా యని సందేహించిరి. ఆ సందేహము విన్నప్పుడు నాకు ముప్పది యైదేండ్ల నాటి సంగతి యొకటి గుర్తునకు వచ్చినది.

1983వ సంవత్సరము జూన్ మాసము. నేను ఒక పల్లెలోని ప్రాథమిక పాఠశాలలో క్రొత్తగా చేరియుంటిని. పొలము పనికి పోవుచున్న యొక తల్లి, కొడుకును చేయి పట్టుకొని తెచ్చి బడిలో వేయుమని కోరెను. ప్రవేశపట్టికలో పుట్టినతేదీ వ్రాయవలెను. "ఎప్పుడు పుట్టినాడమ్మా?" యని యడిగితిని. "గాలివాన వచ్చిన ఏడు పుట్టాడండీ మాస్టారూ. గాలివాన నాటికి వీడికి ఇరవయ్యొక్క రోజు. పొత్తిళ్ళలో పెట్టుకుని గుళ్ళో కూర్చున్నాను" అని ఆమె చెప్పెను. తేదీ చెప్పక కథలు చెప్పుచున్నదని నాకు విసుగు పుట్టినది. కన్నబిడ్డ పుట్టినరోజైనను తెలియదా యని పదిమందిలో కసరితిని. ఆమె తలవంచుకొన్నది. నేను జులై 1 అని వ్రాసికొంటిని. ఆ కాలపు పట్టికలలో జూన్ 1, జులై 1 పుట్టిన పిల్లలు కోకొల్లలు. ఒక యూరి పిల్లలందఱు ఒక్కరోజున పుట్టుట యెట్లని యెవరును అడుగలేదు.

ఆ గాలివాన దివిసీమను ముంచిన ఉప్పెన. అది 1977 నవంబరు 19న వచ్చినది. ఇరువదియొక్క దినము వెనుకకు లెక్కించిన అక్టోబరు 29 వచ్చును. ఆ తల్లి నాకు పంచాంగముకంటె స్పష్టముగా తేదీ చెప్పినది; లెక్కకట్టుట నాకు చేతకాలేదు. ఆ బాలుడు నేటికిని జులై 1న పుట్టినవాడుగనే యున్నాడు. ఆ తప్పు నాది.

కాబట్టి మస్తానమ్మ వయస్సును గూర్చి నేను వాదింపను. పత్రము లేనంతమాత్రమున ఆయువు తగ్గదు. ఒక యేడు ఇటో అటో యైనను, ఆమె దాదాపు నూఱేండ్ల కాలము తన రెక్కలపై బ్రదికిన మనిషి. మనకు కావలసినది ఆ బ్రదుకు.

పసితనముననే ఆమెను ఒక ముస్లిము కుటుంబమువారు పెంచుకొనిరి. మస్తానమ్మ యను పేరు ఆ యింటినుండి వచ్చినదే. గుంటూరు నగరమున కాలే మస్తాను దర్గా కలదు. అచ్చటికి హిందువులును ముస్లిములును పోయి మ్రొక్కులు తీర్చుకొందురు. మా ప్రాంతమున ఆ పేరు మతముల గోడలను ఎప్పుడో దాటినది. ఒకప్పుడు నా తరగతిలో ముగ్గురు మస్తానులుండెడివారు. ఒకడు మస్తానయ్య, ఒకడు మస్తాన్ వలి, ఒకడు మస్తాన్ రావు. హాజరు పిలుచునప్పుడు "మస్తాన్" అనగానే ముగ్గురును లేచెడివారు.

పదునొకండవ యేట మస్తానమ్మకు పెండ్లి యైనది. 1911వ సంవత్సరమే ప్రమాణమైనచో అది 1922 ప్రాంతము. బాల్యవివాహ నిరోధక శాసనము అప్పటికి లేదు. అది 1929లో చేయబడి, 1930 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఆ శాసనమైనను బాలికకు నియమించిన కనీసపు వయస్సు పదునాలుగేండ్లే. నేడది పదునెనిమిది. మీ తరగతిలోని బాలికలను ఒకమారు చూడుడు. వారికంటె రెండేండ్లు చిన్నదియైన పిల్ల అత్తవారింట పొయ్యి రాజేసినదని తలచుకొనుడు.

ఆ 1922వ సంవత్సరముననే గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు స్త్రీవిద్యకై శారదానికేతనమును స్థాపించిరి. 'మాలపల్లి' నవల వ్రాసినది ఆ లక్ష్మీనారాయణగారే. వితంతువులకు పునర్వివాహములు చేయించుటకును ఆయన యెంతో పాటుపడెను. తెనాలి ప్రాంతమునుండి గుంటూరు ఒక్క దినపు నడక. కాని కూలియింటి పిల్ల ఆ నడక నడువగలిగినది కాదు. మంచి సంస్థ యొకటి వెలసినంతమాత్రమున దాని నీడ అన్ని గుడిసెలపై పడదు. చరిత్ర చదువునప్పుడు సంస్థల తేదీలు కంఠస్థము చేయుదుము. ఆ తేదీనాడు పొరుగూరిలోని గుడిసెలో ఏమి జరుగుచున్నదో ఎవరును వ్రాసి యుంచరు.

ఇరువదిరెండేండ్లకు మస్తానమ్మ వితంతువైనది. ఆమె కన్న బిడ్డలు ఐదుగురు. వారిలో మిగిలినది ఒక్క కొడుకు. తక్కిన నలువురను ఆమె పోగొట్టుకొన్నది. ఈ మాట వ్రాయుటకు నాకు ఒక్క పంక్తి పట్టినది.

ఆ పిమ్మట ఆమె చేసినది వ్యవసాయకూలి. తెనాలి ప్రాంతము కృష్ణాడెల్టాలోనిది. విజయవాడయొద్ద కృష్ణకు అడ్డముగా 1855 నాటికి ఆనకట్ట కట్టుటతో ఆ భూములకు కాలువనీరు అందినది. 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వచ్చినది. నీరు గల భూమిలో పంట గలదు. పంట గలచోట కూలికి పని గలదు. ఆకుమడి పోయుట మొదలు నాట్లు, కలుపుతీత, కోత, పనలు కట్టుట, కుప్ప వేయుట, నూర్పిడి, తూర్పారబట్టుట. నాట్లు వేయు స్త్రీ యెట్లుండునో మీరు చూచియుందురు. మోకాలిలోతు బురదలో, నడుము వంచి, వెనుకకు నడచుచు, ఎడమచేతిలోని నారు కట్టనుండి కుడిచేతితో రెండుమూడు మొక్కలు తీసి గ్రుచ్చుచు పోవును. ప్రొద్దుటినుండి సందెవరకు నడుము ఎత్తుట భోజనమునకు మాత్రమే. ఆ పని యేండ్లతరబడి చేసినవారి వ్రేళ్ళ సందులు చెడును, గోళ్ళు పుచ్చును. పురుషునికి ఇచ్చు కూలి స్త్రీకి ఇచ్చువారు కారు. ఇంటికి వచ్చినపిమ్మట వంట యామెదే.

నేను మస్తానమ్మను కన్నులార చూడలేదు. తెరపై చూచితిని. చూచిన మొదటిక్షణమున ఆమె ముఖమును గాక చేతులను చూచితిని. అవి మా నాయనమ్మ చేతులవలె నుండెను.

మా యూరు నరసరావుపేటకు దక్షిణమున నల్లరేగడి నేలలలో నున్నది. నా చిన్నతనమున అచ్చటికి కాలువలు రాలేదు. జొన్న, సజ్జ, కంది, ప్రత్తి, మిరప. వాన కురిసిన తిండి, లేకున్న అప్పు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు వదలిరి. కుడికాలువకు జవహర్ కాలువయని పేరు. నాకప్పుడు పదేండ్లు. మా నాయనమ్మకు ఎన్నేండ్లో ఆమెకును తెలియదు, మాకును తెలియదు. మా పెదనాన్నగారు ఒక లెక్క చెప్పెడివారు, మా మేనత్త మఱియొక లెక్క చెప్పెడిది. ఇద్దఱి లెక్కకు నడుమ ఏడేండ్ల తేడా. ఆమె పోయి నలుబదియేండ్లు దాటినను ఆ తగవు తెగలేదు.

మాకు రెండెకరముల మెట్ట. అది చాలక ఆమె పొరుగుచేలకు కూలికి పోయెడిది. మార్గశిర పుష్యములనుండి మిరపకోతలు మొదలగును. ఒక చేను మూడుమార్లు, నాలుగుమార్లు కోయవలెను. కొమ్మ విఱుగకుండ, పచ్చికాయ రాలకుండ, పండినకాయను మాత్రమే తొడిమతో త్రుంపవలెను. కోసినకాయను కళ్ళములో పలుచగా పఱచి, మంచు పడకుండ రాత్రులు కప్పి, పగలు తిరుగవేయుచు ఎండబెట్టుదురు. ఎండిన పిమ్మట స్త్రీలు వరుసగా కూర్చుండి తాలుకాయ నేరుదురు. తాలుకాయ యనగా రంగు మాఱి తెల్లబడినది. నాణెమైన యెఱ్ఱకాయ ఒకవైపు, తాలు ఒకవైపు. గుంటూరు మిరపయార్డులో ధర ఈ యేఱుటపైననే ఆధారపడియుండును. ఆ యార్డు ఆసియాఖండమునందలి పెద్ద మిరప విపణులలో నొకటియని మనము గర్వింతుము. ఆ గర్వమునకు వెనుక ముక్కునకు కొంగు చుట్టుకొని దగ్గుచు కాయ లేరిన స్త్రీలు వేలకొలది కలరు.

మిరపకాయ మన దేశపు పంట కాదు. అది అమెరికాఖండమునుండి పోర్చుగీసువారి ఓడలలో పదునాఱవ శతాబ్దమున మనకు వచ్చినది. అంతకుముందు మన కారము మిరియాలది. నాలుగైదు వందల యేండ్లలో అది మన గుంటూరుకు ఇంటిపేరైనది. కాయలోని కారమునకు కారణమైన పదార్థమును కాప్సైసిన్ అందురు. అది నీటిలో కరగదు, నూనెలో కరగును. ఈ సంగతి నేను పుస్తకములో చదువుకొన్నది పెద్దవాడనైన పిమ్మట. సాయంకాలము మండుచున్న చేతులతో ఇంటికి వచ్చిన మా నాయనమ్మ చేతులను నీళ్ళతో కడుగక, ముందుగా ఆముదము రాచుకొని తుడిచెడిది. "నీళ్ళు పోస్తే మంట ముదురుతుందిరా అబ్బాయీ" యనెడిది. ఆ చేతులతోనే ప్రత్తి తీసెడిది. ఎండిన ప్రత్తికాయ మొనలు సూదులవలె గ్రుచ్చుకొనును. కారపు మంటకు గాయము తోడగును. మఱల ఆ చేతులతోనే నాకు అన్నము కలిపి పెట్టెడిది. ఒక్కొక్కప్పుడు పెరుగన్నము కూడ కారముగా నుండెడిది. నేను ఏడ్చెడివాడను, ఆమె నవ్వెడిది.

ప్రసంగవశమున దూరము వచ్చితిని. మఱల మస్తానమ్మ మాటకు వత్తము.

2016వ సంవత్సరమున ఆమె మునిమనుమడు లక్ష్మణును, అతని స్నేహితుడు శ్రీనాథరెడ్డియు కలిసి, వంటలను వీడియోగా తీసి యూట్యూబులో పెట్టు ప్రయత్నమొకటి చేసిరి. వారు దానికి 'కంట్రీ ఫుడ్స్' అని పేరు పెట్టిరి. పల్లెటూరి వంటలను చూపవలెననిన ఇంటిలోని ముదుసలికంటె యోగ్యులెవరు? ఆమెచేత వంకాయకూర వండించి దానిని చిత్రించిరి. కొలది దినములలోనే దానిని అసంఖ్యాకులు చూచిరి. అప్పటికామెకు నూట యైదేండ్లని చెప్పుకొనెడివారు.

ఆ చిత్రములను చూచినచో అందులో అలంకారమేమియు లేదు. వంటిల్లు లేదు. పొలము గట్టునో, చెట్టుక్రిందనో రాళ్ళు పేర్చిన పొయ్యి. కట్టెలు. మసిబాఱిన పాత్రలు. మస్తానమ్మ నేలపై చతికిలబడి కూర్చుండును. అల్లముపై తోలును గోటితో గీకి తీసివేయును. ఉప్పు ఎంత, కారము ఎంత యను కొలత లేదు. గుప్పిట తెఱచుటలోనే కొలత యున్నది. మంట పెరిగిన కట్టె వెనుకకు లాగును, తగ్గిన ముందుకు త్రోయును. ఈనాటి గ్యాసుపొయ్యిపై మనము బొత్తాము త్రిప్పి చేయు పనిని ఆమె కట్టె జరుపుటతో చేయును. అది చూచుటకు సులభము. చేయబూనినవారికి గాని అందలి కష్టము తెలియదు. పచ్చికట్టె పొగయును, ఎండుపుల్ల ఒక్కమాఱు భగ్గుమని ఆఱును, తుమ్మమొద్దు నిదానముగా కాలి నిప్పు నిలుపును. ఏ కూరకు ఏ నిప్పు కావలెనో ఎఱిగినవారే ఆ పొయ్యిపై వండగలరు.

ఆమె వండినవానిలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది పుచ్చకాయలో వండిన కోడికూర. పెద్ద పుచ్చకాయ పైభాగమును కోసి, లోపలి గుజ్జును తీసివేసి, ఆ డొల్లనే కుండగా చేసి అందులో మాంసమును ఉడికించినది. ఒకమాఱు ఈమూపక్షి గ్రుడ్డుతో అట్టు పోసినది. కోడిగ్రుడ్డుకు అలవాటుపడిన చేతికి ఆ పెద్దగ్రుడ్డు వింతగా తోచియుండును గాని, జంకినట్లు కనబడదు. నేను శాకాహారిని. కూర రుచి నాకు తెలియదు. కాని వంట ముగిసిన పిమ్మట ఆమె వడ్డించు తీరును చూచితిని. ఆకుపై అన్నము పెట్టి, కూర వేసి, తినువాని ముఖము వంక చూచును. వాడు తల యూపినచో ఆమె ముఖము విప్పాఱును. ప్రపంచములో ఎంతమంది చూచుచున్నారో ఆ క్షణమున ఆమెకు పట్టినట్లు లేదు. తినుచున్న యొక్కనిని మాత్రమే చూచుచున్నది.

ఇంతటి పేరు వచ్చిన పిమ్మటను ఆమె తన చిన్నయింటనే యుండి, తన పనులు తానే చేసికొనుచుండెడిది. ఎవరెవరో ఆమెను చూడవచ్చెడివారు. పుట్టినరోజు నాడు పాకిస్తానునుండి ఒక అభిమాని ఆమెకు చీర పంపించెనని పత్రికలలో చదివితిని. సరిహద్దులయొద్ద సైన్యములు కాపుగాయుచున్న రెండు దేశముల నడుమ, గుడివాడ యవ్వకు ఒక చీర నడచివచ్చినది.

"నూఱేండ్ల ముసలి వండుచున్నది, చూడుడు" అని వింతకొఱకు చూచినవారే ఎక్కువమంది. అది సహజము. కాని నాకు కలిగిన తలంపు వేఱు. ఆమె పదునొకండవ యేటినుండి వండుచునే యున్నది. తొంబదియేండ్ల పైబడి వండినది. ఆ తొంబదియేండ్లలో ఆమె వంటను చూచినవారెవరు? తిన్నవారు తిని పోయిరి. కడపటి రెండేండ్ల వంట మాత్రమే లోకము కంటబడినది. ఆ రెండేండ్లును లేకున్నచో, ఆమె చేతిపని అంతయు ఆమెతోనే కట్టెలలో కాలియుండెడిది. మా నాయనమ్మ విషయమున అట్లే జరిగినది. ఆమె చేసిన పండుమిరప పచ్చడిని మా యింట ఇప్పుడెవరును చేయలేరు. చింతపండు ఎంత, ఉప్పు ఎంత, ఎన్నాళ్ళు ఊరవేసెడిదో, మెంతులు వేయించి వేసెడిదో పచ్చివి వేసెడిదో మేము అడుగలేదు. నేను వందలకొలది పద్యములకు ప్రతిపదార్థములు వ్రాసికొంటిని గాని, ఆమెను ఒక్కమాట అడిగి ఒక్కకాగితముపై వ్రాసికొనలేదు. ఆమె చనిపోవునాటికి నేను ఉపాధ్యాయ శిక్షణలో నుంటిని. భాషాప్రవీణ పరీక్షకు చదువుచు, ఇంటికి వచ్చినప్పుడును పుస్తకము ముందు కూర్చుండెడివాడను. ఆమె వచ్చి నా ప్రక్కన కొంతసేపు నిలుచుండి, దీపము వత్తి సవరించి వెడలిపోయెడిది.

మస్తానమ్మ కొన్ని నెలలు వ్యాధితో బాధపడి 2018 డిసెంబరు 2న మరణించినది. ఆ వీడియోలు నిలిచియున్నవి.

అప్పటికి నేను ఉద్యోగవిరమణ చేసి సంవత్సరము దాటినది. అయినను మా యూరి ఉన్నతపాఠశాలలో తెలుగు పంతులు సెలవుపై పోయినప్పుడు, ప్రధానోపాధ్యాయులు నన్ను పిలిచెడివారు. ఆ డిసెంబరు మాసమున ఎనిమిదవ తరగతికి పాఠము చెప్పుచు, మస్తానమ్మ సంగతి చెప్పితిని. పిల్లలలో సగముమంది ఆమె వీడియోలను చూచినవారే. "మీ యిండ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు కలరుగదా! వారు ఏ సంవత్సరమున పుట్టిరో కనుగొని రండు. తేదీ అడుగకుడు, సంగతులు అడుగుడు" అని పని యిచ్చితిని. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడుట, 1967లో కాలువకు నీరు వచ్చుట, 1970లో ఒంగోలు జిల్లా యేర్పడుట, 1972లో దానికి ప్రకాశముగారి పేరు పెట్టుట, 1977 ఉప్పెన, ఇట్లు కొన్నిటిని బల్లపై వ్రాసి, వీనికి ముందో వెనుకో అడిగి తెలిసికొనుడని చెప్పితిని.

మఱునాడు పిల్లలు తలకొక కాగితముతో వచ్చిరి. ఒక బాలుడు కాగితము తేలేదు. నాయనమ్మనే తీసికొనివచ్చెను. "వీడు రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదండీ. ఆ అడిగేదేదో మీరే అడగండి" అని ఆమె గడపయొద్ద నిలిచినది. లోనికి రమ్మని బల్లపై కూర్చుండజేసితిమి. ఆమె కూర్చుండక నేలపై కూర్చుండబోయినది. ఆడపిల్లలిద్దఱు లేచి తమ నడుమ కూర్చుండబెట్టుకొనిరి.

"కాలవకి నీళ్ళొచ్చిన రోజున నువ్వెక్కడున్నావు నాయనమ్మా?" యని మనుమడు అడిగెను.

"ఎక్కడుంటాను? ఇక్కడే. అప్పటికి నా పెళ్ళయి ఆరు నెలలు. ఊరు ఊరంతా కాలవ గట్టు మీదే ఉంది. మీ తాత దోసిలితో నీళ్ళు తీసి నా మొహాన కొట్టాడు. మా అత్త చూసి తిట్టింది" అని ఆమె చెప్పెను. తరగతి యంతయు నవ్వినది. పెండ్లినాటికి ఎన్నేండ్లని యడుగగా, పెద్దమనిషియై రెండేండ్లని ఆమె మెల్లగా చెప్పినది. బాలుడు బల్లయొద్దకు వచ్చి లెక్క వేసి 1952 అని వ్రాసెను. ఆమెకు ఆ అంకెను చదివి వినిపించితిమి.

"మరి నా ఆధార్ కార్డులో జనవరి ఒకటో తారీకు అని రాశారేంటండీ మాస్టారూ? నేను పుట్టింది వానల్లో అని మా అమ్మ చెప్పేది" యని ఆమె నన్నడిగినది. నేను సమాధానము చెప్పలేకపోతిని. 1983నాటి తల్లి ముఖము నా కన్నులయెదుట నిలిచినది. "వానకాలము" అని సుద్దముక్కతో 1952 ప్రక్కన వ్రాసితిని.

వెనుకబల్లపైనున్న యొక బాలిక లేచి, "నీళ్ళొచ్చిన రోజు ఏం వండావు నాయనమ్మా?" యని అడిగినది.

"ఏముంది తల్లీ, జొన్నన్నమే. వరన్నం తరవాత రెండేళ్ళకి గానీ రాలేదు మాకు."

జొన్నన్నము తిన్నవారెందఱని అడిగితిని. నలుబదిరెండుగురిలో ఇద్దఱు చేతులెత్తిరి. అది యెట్లు వండవలెనో చెప్పుమని పిల్లలందఱు ఒక్కగొంతుతో అడిగిరి. ఆమె కొంగు బిగించుకొని లేచి, చుట్టును చూచినది.

"ముందు జొన్నలు నీళ్ళు చిలకరించి దంచాలి. బడిలో రోలుందా?"

లేదంటిమి.

"అయితే రేపు మా ఇంటికి పంపండి" అని ఆమె నాతో చెప్పి, మనుమని భుజముపై చేయి వేసికొని మెట్లు దిగినది.